చిన్న మోటారు బోటులో పనిముట్ల పెట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ తీరంలో, కోరంగి మడ అడవుల పాయల్లో, యానాం దగ్గర గోదావరిలో ఎక్కువగా తిరిగేది పదిహేను నుంచి ఇరవై అడుగుల ఫైబర్ బోటు. దానికి వెనక 8 నుంచి 15 హార్స్‌పవర్ పెట్రోలు అవుట్‌బోర్డ్ ఇంజిను. ఈ జవాబులు అలాంటి బోటును మనసులో పెట్టుకుని రాసినవి. పొడవాటి గొట్టం ఉన్న డీజిల్ ఇంజిన్ల వాళ్లకు చివర్లో విడిగా ఒక జవాబు ఉంది.

ఇంజినుతో పాటు కంపెనీవాళ్లు ఇచ్చే చిన్న సంచి సరిపోదా?

మొదలుపెట్టడానికి సరిపోతుంది, అంతే. అందులో సాధారణంగా స్పార్క్ ప్లగ్గు విప్పే ప్లగ్ పానా, ఒక స్క్రూడ్రైవర్, చిన్న ప్లయర్, స్టార్టర్ తాడు ఉంటాయి. వాటిలో ప్లగ్ పానా, తాడు మాత్రం ఎప్పటికీ పారేయకండి. మిగతావి మామూలు ఇనుము కాబట్టి ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి. మొదటి సీజన్ తర్వాత చాలామంది బోట్లలో ఆ సంచి విప్పి చూస్తే అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి.

పెట్టెలో ఏం పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

జాబితా చూసి కొనకండి. మీ ఇంజిను చూసి కొనండి. బోటు ఒడ్డున ఉన్నప్పుడు ఒక పూట ఖాళీ చేసుకుని, ఇంజిను మూత తీసి, నీళ్ల మీద మీరు చేయాల్సి రాగల పనులన్నీ ఒక్కొక్కటిగా చేసి చూడండి. ప్లగ్గు విప్పి బిగించండి. కార్బురేటర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి పెట్రోలు కిందికి కార్చండి. ఫిల్టర్ తీయండి. ప్రొపెల్లర్ ఊడదీయండి. బ్యాటరీ వైర్లు విప్పండి. పని చేస్తూ చేతిలోకి తీసుకున్న ప్రతి పనిముట్టునీ పక్కన గుడ్డ మీద పెడుతూ పోండి. సాయంత్రానికి ఆ గుడ్డ మీద ఉన్నదే మీ పెట్టె.

ఇలా చేస్తే ఇంకో లాభం ఉంది. ఏ నట్టు బిగుసుకుపోయిందో, ఏ మూలకు చెయ్యి దూరదో అప్పుడే తెలుస్తుంది. బిగుసుకుపోయిన నట్టును రేవులో మెకానిక్ పక్కన ఉండగా విప్పించుకోవడం వేరు, అల మీద బోటు ఊగుతుంటే ఒంటరిగా దానితో కుస్తీ పట్టడం వేరు.

తడి చేతులతో, ఊగుతున్న బోటులో చేయలేని పనికి పనిముట్టు మోయడం దండగ. సిలిండర్ హెడ్ విప్పే పానా, ఇంపెల్లర్ (ఇంజినును చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు చక్రం) మార్చే సరంజామా ఇంట్లోనే ఉంచండి. అందుకే రెండు పెట్టెలు పెట్టుకోవడం మంచిది: బోటులో ఒక చిన్నది, ఒడ్డున ఒక పెద్దది.

ఏ సైజు పానాలు కొనాలి?

బజార్లో దొరికే మామూలు సెట్టు కొనేవాళ్లకు ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే. యమహా, సుజుకి, టొహాట్సు లాంటి జపాన్ ఇంజిన్ల మీద ఎక్కువగా కనిపించే బోల్టు తలలు 8, 10, 12, 14 ఎం.ఎం. మన దేశంలో తయారైన చాలా ఇంజిన్ల మీద, బజారు బోల్టుల మీద 13, 17, 19 వస్తాయి. 12 ఎం.ఎం. బోల్టుకు 13 పానా పడుతుంది, తిరిగినట్టే ఉంటుంది. రెండోసారి గట్టిగా లాగేసరికి బోల్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. ఆ తర్వాత దాన్ని విప్పడానికి ఒడ్డున కూడా అవస్థే.

కాబట్టి జపాన్ ఇంజినైతే 8, 10, 12, 14, 17 విడిగా కొనుక్కోండి. ఒక వైపు రింగు, ఇంకో వైపు నోరు ఉండే కాంబినేషన్ పానాలు తీసుకోండి. రింగు బోల్టును అన్ని వైపులా పట్టుకుంటుంది, తడి చేతికి జారదు. చిన్న ఇంజిన్లలో చాలావాటికి ప్రొపెల్లర్ నట్టు 17 ఎం.ఎం. ఉంటుంది. మీదానికి ఏది పడుతుందో పెట్టి చూసుకోండి. మనవాళ్ల టపారియా పానాలు ఈ పనికి బాగానే సరిపోతాయి, ఎక్కువ ఖరీదు పెట్టక్కర్లేదు.

తిప్పితే సైజు మారే అడ్జస్టబుల్ పానా ఒకటి ఉంచండి కానీ దాన్ని నమ్ముకోకండి. అది ఇంకేదీ పట్టనప్పుడు, లేదా బోల్టును ఒక పానాతో తిప్పుతూ వెనక నట్టును పట్టుకోవడానికి. నూట ఎనిమిది ముక్కల సాకెట్ సెట్టు మాత్రం బోటులోకి ఎక్కించకండి. దాని పెట్టె తుప్పు పడుతుంది, చిన్న సాకెట్లు దొర్లి నీళ్లలో పడతాయి, అందులో మీకు కావలసినవి నాలుగే.

స్క్రూడ్రైవర్లు ఎన్ని?

మూడు చాలు: వెడల్పు మూతిది ఒకటి, సన్నటి మూతిది ఒకటి, నక్షత్రం మూతిది ఒకటి. నక్షత్రం మూతిదాని విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. జపాన్ ఇంజిన్ల కార్బురేటర్ మీద ఉండే స్క్రూలు చూడటానికి మామూలు ఫిలిప్స్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ గాడి లోతు, ఆకారం కాస్త వేరు. చాలావాటి తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది. మామూలు ఫిలిప్స్ పెట్టి గట్టిగా తిప్పితే మూతి పైకి లేచిపోయి గాడి చెరిగిపోతుంది. జపాన్ కొలతకు చేసిన స్క్రూడ్రైవర్ ఒకటి తెప్పించుకుంటే ఆ బాధ ఉండదు. బైకుల విడిభాగాలు అమ్మే పెద్ద దుకాణాల్లో అడిగి చూడండి.

వెడల్పు మూతిది ఎంత పెద్దదైతే అంత మంచిది. గేర్ ఆయిల్ స్క్రూలు దానితోనే కదులుతాయి.

ప్లగ్గుల కోసం ఏం ఉంచుకోవాలి?

ఇంజినుకు ఎన్ని ప్లగ్గులుంటే అన్ని కొత్తవి, అదే నంబరువి, డబ్బా విప్పకుండా. వాటితో పాటు ప్లగ్ పానా, చిన్న వైర్ బ్రష్, పొడి గుడ్డ. ఆగిపోయిన ఇంజినును పదే పదే లాగితే ప్లగ్గు పెట్రోలులో తడిసిపోతుంది. తీసి తుడిచి ఆరబెట్టి పెట్టడం కంటే కొత్తది వేయడం తొందరగా అయ్యే పని. తడిసినదాన్ని ఇంటికి వెళ్లాక శుభ్రం చేసుకోవచ్చు.

బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పండి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, వంకరగా ఎక్కితే మర పాడైపోతుంది. కొత్త ప్లగ్గు వాషరు ఆనాక పానాతో ఇంకో అర చుట్టు చాలు. నిప్పురవ్వ వస్తోందా అని ప్లగ్గును ఇంజినుకు ఆనించి తాడు లాగి చూసే అలవాటు చాలామందికి ఉంది. పక్కన పెట్రోలు ఒలికి ఉన్నప్పుడు ఆ పని చేయకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, పైకి పోదు, బోటు అడుగునే నిలిచి ఉంటుంది.

ఇంజిను స్టార్ట్ అయి అయిదు నిమిషాలకు ఆగిపోతోంది. దీనికి ఏ పనిముట్టు కావాలి?

చాలాసార్లు ఏదీ అక్కర్లేదు. ముందు ట్యాంకు మూత మీద ఉన్న చిన్న గాలి స్క్రూ తెరిచారా చూడండి. అది మూసి ఉంటే పెట్రోలు బయటికి పోయినకొద్దీ లోపల గాలి చేరదు, కాసేపటికి పెట్రోలు రావడం ఆగిపోతుంది. మూత వదులు చేయగానే బుస్సుమని శబ్దం వస్తే దొంగ దొరికినట్టే.

తర్వాత గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బు పట్టుకుని నొక్కండి. దాని మీద బాణం గుర్తు ఇంజిను వైపు ఉండాలి. నొక్కాక అది ఉబ్బకుండా చప్పిడిగా ఉండిపోతే ట్యాంకు వైపు అడ్డు ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా కార్బురేటర్ పొంగిపోతోంది. గాలి పీల్చే చోటు సాధారణంగా గొట్టం చివర కనెక్టరే. అందులోని చిన్న రబ్బరు రింగు అరిగిపోయి ఉంటుంది. కాబట్టి పెట్టెలో ఉండాల్సినవి: రెండు గొట్టం క్లిప్పులు, ఒక కనెక్టరు, ఒక ఫిల్టరు, మూర పొడవు పెట్రోలు గొట్టం. నీళ్ల గొట్టం వేయకండి, పెట్రోలుకు అది ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఇక నీళ్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. నీళ్లు కొంతవరకు అందులో కలిసిపోయి కనబడవు. ఆ మోతాదు దాటాక ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాంకు గొట్టం పీల్చేది సరిగ్గా ఆ అడుగు నుంచే. సముద్రం పక్కన సగం ఖాళీగా నెలల తరబడి పడి ఉన్న ట్యాంకు విషయంలో ఇది నిజమైన సమస్య.

దీనికి నేను అందరికీ గట్టిగా చెప్పే పనిముట్టు చిన్న గాజు సీసా. కార్బురేటర్ అడుగు స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోలును ఆ సీసాలో పట్టి, ఒక నిమిషం కదపకుండా ఉంచి వెలుగుకు పెట్టి చూడండి. పైన పెట్రోలు, కింద ఇంకో పొర, మధ్యలో స్పష్టంగా గీత కనిపిస్తే నీళ్లు చేరినట్టే. గీత కనిపించకుండా పోయేదాకా కార్చి, మళ్లీ పట్టి చూడండి. కార్చింది సీసాలోనే దాచి ఒడ్డుకు తీసుకురండి, ఏట్లో పోయకండి. ఆ నీళ్లలోనే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి.

టూ స్ట్రోక్ ఇంజినైతే ఒక చిన్న డబ్బా నూనె, కొలత గుర్తులున్న సీసా కూడా ఉంచండి. 50:1 పాళ్లంటే లీటరు పెట్రోలుకు 20 ఎం.ఎల్. నూనె. మీ ఇంజినుకు ఎంతో పుస్తకంలో చూసి, ఆ అంకెను డబ్బా మీదే చెరగని మార్కరుతో రాసి పెట్టుకోండి. నూనె మీద టి.సి.-డబ్ల్యూ3 అని ఉండాలి. అది నీటితో చల్లబడే బోటు ఇంజిన్ల కోసం చేసినది. బైకు నూనె వాడటం పొదుపు కాదు.

ప్రొపెల్లర్‌కు వల గానీ తాడు గానీ చుట్టుకుంటే?

మన తీరంలో తరచుగా జరిగేది ఇదే. తెగి కొట్టుకొచ్చిన నైలాన్ వలలు, పాయల్లో గుర్రపుడెక్క, అన్నిచోట్లా ప్లాస్టిక్ సంచులు.

మొదట ఇంజిను ఆపి, ఆపే స్విచ్చుకు తగిలించి ఉండే ఎర్ర తాడు క్లిప్పు లాగేసి జేబులో పెట్టుకోండి. క్లిప్పు మీ జేబులో ఉన్నంతసేపు ఇంకెవరూ పొరపాటున కూడా స్టార్ట్ చేయలేరు. తర్వాతే చెయ్యి ప్రొపెల్లర్ మీద వేయండి. ఇంజిను పైకి లేపి గేరు న్యూట్రల్‌లో పెట్టి, చుట్టుకున్న దానికి ఎదురు దిక్కుగా తిప్పుతూ ముందు చేత్తో ఊడదీసే ప్రయత్నం చేయండి. మిగిలినదాన్ని కత్తితో కోయండి. రంపపు పళ్లున్న కత్తి మామూలు కత్తికంటే నైలాన్‌ను బాగా కోస్తుంది. వేడికి కరిగి ముద్దయిపోయిన నైలాన్‌కు ఏ కత్తీ పనికిరాదు. దానికి హ్యాక్సా బ్లేడు ముక్క కావాలి. ఒక చివర గుడ్డ, టేపు చుట్టి పిడిలా చేసుకుని పెట్టెలో ఉంచండి. కోసేటప్పుడు బ్లేడు షాఫ్టుకు, రబ్బరు సీలుకు తగలకుండా చూసుకోండి.

ప్రొపెల్లర్ ఊడదీయాల్సి వస్తే నట్టుకు అడ్డంగా ఉండే స్ప్లిట్ పిన్నును ప్లయర్‌తో నిటారుగా చేసి లాగాలి. వంచి నిటారు చేసిన పిన్ను మళ్లీ వాడకూడదు కాబట్టి స్టెయిన్‌లెస్ పిన్నులు మూడు నాలుగు దగ్గర పెట్టుకోండి. నట్టు విప్పే ముందు ప్రొపెల్లర్ కింద బకెట్ వేలాడదీయండి, లేదా చేతి వల పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. నట్టు, దాని వెనక వాషరు, స్పేసరు, ప్రొపెల్లర్, దాని వెనక మందపాటి ఇత్తడి వాషరు ఒక్కొక్కటిగా వస్తాయి. ఏది ముందు వచ్చిందో ఆ వరసలోనే బోటు బల్ల మీద పేర్చుకోండి. లోపలి వాషరు గ్రీజుకు అంటుకుని ప్రొపెల్లర్‌తో పాటు బయటికొచ్చి, మీరు గమనించేలోపే జారిపోతుంది. అది లేకుండా ప్రొపెల్లర్ బిగిస్తే గేరు పెట్టెకు రాసుకుంటుంది.

బాగా చిన్న ఇంజిన్లలో, 2 నుంచి 6 హార్స్‌పవర్ దాకా ఉన్న చాలావాటిలో, షియర్ పిన్ను అని ఒకటి ఉంటుంది. ఇసుక మేటకు గానీ దుంగకు గానీ తగిలితే గేరు పళ్లు విరగకుండా ముందుగా తానే విరిగిపోయే మెత్తని పిన్ను అది. దాని బదులు మేకు ముక్క పెట్టి నడిపే వాళ్లున్నారు. మేకు విరగదు, తర్వాతి దెబ్బకు గేరు విరుగుతుంది. కంపెనీ పిన్నులే రెండు కొని ఉంచుకోండి.

ఒడ్డుకొచ్చాక గేర్ ఆయిల్ చూడండి. సన్నటి నైలాన్ దారం సీలు కిందికి దూరితే నీళ్లు లోపలికి వెళ్తాయి, నూనె పాలలా తెల్లబడుతుంది. అలా కనిపిస్తే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

స్టార్టర్ తాడు తెగితే?

మూత తీసి, పైన ఉన్న స్టార్టర్ గిన్నె బోల్టులు విప్పి, ఫ్లైవీలు గాడిలో ముడి ఇరికించి తాడు రెండు మూడు చుట్లు చుట్టి లాగాలి. ఆ బోల్టులు చాలావరకు 10 ఎం.ఎం. ఇలా స్టార్ట్ చేసినప్పుడు గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు పనిచేయదు. న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకోండి. స్టార్ట్ అయ్యాక ఫ్లైవీలు మీ ముందే తిరుగుతుంటుంది, దాని మీద మూత ఉండదు. తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు దగ్గరికి రానివ్వకండి.

ఎర్ర క్లిప్పు ఇంకోటి కొని పెట్టెలో కట్టి ఉంచండి. అసలుది నీళ్లలో పడితే మంచి ఇంజిను కూడా కదలదు.

కూలింగ్ నీటి ధార సన్నబడింది. ఏం చేయాలి?

ఇంజిను ఆపి లేపండి. నీళ్లు పీల్చే జాలీకి ప్లాస్టిక్ గానీ నాచు గానీ అడ్డుపడిందా చూడండి. అది శుభ్రంగా ఉంటే ధార వచ్చే రంధ్రంలో ఇసుక, ఉప్పు పేరుకుని ఉండవచ్చు. సన్నటి తీగ లోపలికి పోనిచ్చి ఆడించండి. సైకిల్ బ్రేకు కేబుల్ లోపలి తీగలో ఒక పోగు దీనికి చక్కగా పనికొస్తుంది. అప్పటికీ ధార రాకపోతే ఇంపెల్లర్ సంగతి చూడాలి. అది ఒడ్డున చేసే పని, ఇంజినును ఇక నడపకండి.

కరెంటు పనులకు ఏం కావాలి?

సెల్ఫ్ స్టార్ట్ లేని బోటుకు పెద్దగా అక్కర్లేదు. బ్యాటరీ ఉంటే మాత్రం మీ బోటుకు పట్టే ఫ్యూజులు, కటింగ్ ప్లయర్, ఇన్సులేషన్ టేపు, రెండు మూరల వైరు, చిన్న మల్టీమీటరు. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గరికొస్తే దాదాపు ఖాళీ అయినట్టే. మల్టీమీటరు వద్దనుకుంటే 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి ఉంచుకోండి. కరెంటు వస్తోందా లేదా అన్నది అదీ చెబుతుంది. ఫ్యూజు పోతే సిగరెట్ డబ్బా రేకు పెట్టి నడపడం మానుకోండి. ఫ్యూజు ఎందుకు పోయిందో చూడండి.

బోటుకు చిల్లు పడితే?

అడుగు రంధ్రానికి ఇంకో డ్రెయిన్ ప్లగ్గు, మెత్తటి కర్రతో కొస సన్నగా చేసిన బిరడాలు రెండు మూడు, పాత గుడ్డలు, ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద. ముద్ద గట్టిపడటానికి సమయం పడుతుంది. అందుకే ముందు గుడ్డ కుక్కి నీళ్లు తగ్గించి, బకెట్‌తో తోడి, తర్వాతే దాన్ని అద్దండి.

డబ్ల్యూడీ-40 స్ప్రే ఒక్కటి ఉంటే చాలదా?

చాలదు. దాని అసలు పని తడిని తరిమేయడం. తడిసిన ప్లగ్ వైర్ల మీద, కనెక్టర్ల మీద బాగా పనిచేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు, బిగింపు మరలకు నీటిలో కొట్టుకుపోని మెరైన్ గ్రీజు విడిగా కావాలి.

పనిముట్లు తుప్పు పట్టకుండా ఎలా?

మూతకు రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, ఇనుప పెట్టె వద్దు. పానాలను నూనె రాసిన గుడ్డలో చుట్టండి. ఉప్పునీళ్లు తగిలినదాన్ని అదే రోజు మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాసి పెట్టండి. తడి పనిముట్టును డబ్బాలో వేసి మూత బిగిస్తే బయట వదిలేసినదానికంటే ఎక్కువ తుప్పు పడుతుంది, ఎందుకంటే ఆ తేమకు బయటికి దారి లేదు. ఎక్కువ వాడే ప్లయర్‌కు, కత్తికి సన్నటి తాడు కట్టి ఉంచితే చేజారినా మునగవు.

మాది పొడవాటి షాఫ్టు డీజిల్ ఇంజిను. మాకూ ఇవేనా?

కొన్ని మారతాయి. ప్లగ్గులు ఉండవు. పానాలు 10, 13, 17, 19 ఎం.ఎం. ఎక్కువ పడతాయి. ఇంజెక్టర్ పైపు నట్టు చాలావాటికి 17. డీజిల్ అయిపోయి మళ్లీ పోస్తే గొట్టంలో గాలి చేరి స్టార్ట్ కాదు. గాలి తీసే స్క్రూ వదులు చేసి బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా పారనిచ్చి బిగించాలి. ఇంజెక్టర్ దగ్గర ఒత్తిడితో వచ్చే డీజిల్ ధారకు చెయ్యి అడ్డం పెట్టకండి, అది చర్మంలోకి దూసుకుపోతుంది. ఒక ఫిల్టరు, గొట్టం క్లిప్పులు, రాగి వాషర్లు దగ్గర ఉంచుకోండి. గాలితో చల్లబడే ఇంజినైతే రెక్కల మధ్య పేరుకున్న నూనె మురికి గీకడానికి గట్టి బ్రష్ కూడా.

ఇంజిను ఆగగానే మొదట తీయాల్సిన పనిముట్టు ఏది?

లంగరు. ఏరు సముద్రంలో కలిసే మొగలోనో రాళ్ల దగ్గరో బోటు కొట్టుకుపోతుంటే ఎంత మంచి పెట్టె ఉన్నా ఉపయోగం లేదు. లంగరు వేశాక లైఫ్ జాకెట్ తొడుక్కుని, తర్వాత మూత తీయండి. ఒక జత తెడ్లు, తలకు పెట్టుకునే టార్చి, మంటలార్పే చిన్న సిలిండరు, నీళ్లు పోని కవర్లో ఫోను ఎప్పుడూ ఉండాలి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ నంబరు 1554. వి.హెచ్.ఎఫ్. రేడియో సెట్టు ఉంటే 16వ ఛానెల్. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల, గాలి సూచన చూసుకోండి.

అరగంట ప్రయత్నించినా ఇంజిను కదలకపోతే, వెలుతురు ఉండగానే సాయం పిలవండి.

పెట్టెను ఎప్పుడు తనిఖీ చేయాలి?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉండే ఈ రోజులకు మించిన సమయం లేదు. వేటకు వెళ్లని షికారు బోటువాళ్లు కూడా ఇదే అలవాటు చేసుకోవచ్చు. డబ్బా మొత్తం గుడ్డ మీద కుమ్మరించండి. ప్రతి పానానూ దాని బోల్టుకు పెట్టి చూడండి. వాడేసిన ప్లగ్గులు, పిన్నులు, ఫ్యూజుల స్థానంలో కొత్తవి పెట్టండి. టార్చి బ్యాటరీలు, మంటలార్పే సిలిండరు తేదీ, ఎం-సీల్ గట్టిపడిందా లేదా చూడండి. రబ్బరు బల్బు మీద పగుళ్లు కనిపిస్తే అప్పుడే మార్చేయండి. వేట మొదలయ్యే వారంలో దుకాణాల్లో రద్దీ ఎక్కువ, కావలసిన సైజు దొరకదు. కాబట్టి కొనాల్సినవి మే నెలలోనే కొనేయండి.